మాస్టారి పాస్‌వర్డ్ నా డైరీలో ఉంది

కోనసీమ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. తన పేరు, యూనివర్సిటీ పేరు బయటపెట్టొద్దన్నారు కాబట్టి ఆనవాళ్లు తీసేసి సంగతి మాత్రం చెబుతాను.

ఆమెకు 31 ఏళ్లు. గోదావరి పాయల మధ్య లంక గ్రామంలో పుట్టారు. ఎం.ఏ. తెలుగు చదివి, తర్వాత కంప్యూటర్ డిప్లొమా పీజీడీసీఏ చేసి, డెల్టాలోనే ఒక యూనివర్సిటీ ఈ-లెర్నింగ్ సెల్‌లో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నారు. సెల్ అంటే ఆమె, ఇంకో కుర్రాడు, అంతే. అధ్యాపకులు 140 మంది దాకా ఉన్నారు. నోట్సు, అసైన్‌మెంట్లు, ఇంటర్నల్ క్విజ్‌లు అన్నీ మూడుల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో పెట్టాలని మూడేళ్ల కిందట ఆర్డరు వచ్చింది. ఎలా పెట్టాలో నేర్పడం, చిక్కొస్తే విప్పడం వీళ్ల పని.

ఆమెకు ఎం.ఏ.లో పాఠాలు చెప్పిన మాస్టారు ఇప్పుడు అక్కడే హెచ్‌ఓడీ. వరదకు అరటితోట పోయిన ఏడు ఈమె పరీక్ష ఫీజు కట్టింది ఆయనే. మూడుల్ వచ్చిన కొత్తలో "ఇవన్నీ నాకెందుకమ్మా, నువ్వున్నావుగా" అంటూ ఒక చీటీ మీద పాస్‌వర్డ్ రాసి చేతిలో పెట్టారు. ఈమె కాదనలేదు. ఆయన్ని చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు. ఇవాళ ఆమె డైరీలో 11 మంది పాస్‌వర్డ్‌లు ఉన్నాయి. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "రేపటి క్విజ్ పెట్టేయమ్మా" అంటారు. పిల్లవాణ్ని నిద్రపుచ్చి ల్యాప్‌టాప్ తెరిస్తే అత్తగారు మొహం తిప్పుకుంటున్నారట.

ఇంతలో మూడు సంగతులు జరిగాయి. విద్యాసంస్థలకు గుర్తింపునిచ్చే నాక్ బృందం వచ్చే ముందు ఒక అధికారి పిలిచి "లాగిన్లు తక్కువ కనిపిస్తున్నాయి, నువ్వే కాస్త చూడు" అన్నారు. ఈమె రెండు రాత్రులు కూర్చుని ఒక్కొక్కరి పేరుతో లోపలికి వెళ్లి పేజీలు నింపారు. తర్వాత, మాస్టారి 20 మార్కుల క్విజ్‌లో రెండు ప్రశ్నలకు జవాబు తప్పుగా టిక్ పడింది. టైప్ చేసింది ఈమే. పిల్లలు అడగడానికి వెళితే మాస్టారు స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ "ఆ అమ్మాయి పెట్టింది, ఆమెనే అడగండి" అన్నారు. ఇక మూడోది. క్విజ్ రాత్రి 8 నుంచి 9 వరకే తెరిచి ఉంటుంది. లంకల్లోంచి వచ్చే పిల్లలు "మా ఊళ్లో సిగ్నల్ లేదక్కా" అని ఈమెకే ఫోన్ చేసి ఏడుస్తున్నారు.

"మానేస్తే గురుద్రోహం, చేస్తూ పోతే నా మెడకే చుట్టుకుంటుంది. జూన్‌లో కాంట్రాక్ట్ రెన్యువల్. నేను లేకపోతే మాస్టారి పేజీ ఖాళీగా ఉంటుంది. ఏం చేయమంటారు?"

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "నేను లేకపోతే మాస్టారి పేజీ ఖాళీగా ఉంటుంది" అన్న మాట ముందొకసారి, చివర ఒకసారి రాశారు. మీకు ఆయన మీద ఉన్న ప్రేమంతా ఆ మాటలో ఉంది. మిమ్మల్ని కట్టిపడేసిన ముడి కూడా అక్కడే ఉందనిపించింది. ఆయన పేజీ నిండుగా ఉండడం ఆయన గౌరవమని మీరనుకుంటున్నారు. అందులో ఆయన తన చేత్తో పెట్టింది ఒక్క వాక్యమూ లేనప్పుడు అది ఎవరి గౌరవం?

నా సంగతి ఒకటి చెప్పాలి. నేను పాతికేళ్లు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పాను. 2020 నవంబరులో కాలేజీలు మళ్లీ తెరిచాక, సగంమంది పిల్లలు ఇంటిదగ్గరే ఉండిపోయారు కాబట్టి పాఠాలు ఆన్‌లైన్‌లోనూ పెట్టమన్నారు. నాకు భయం. తెలియక కాదు, తెలియదని పిల్లల ముందు బయటపడుతుందని. మా కంప్యూటర్స్ మేడమ్ నాకన్నా ఇరవై ఏళ్లు చిన్న. నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. గంటన్నరలో ఒక్కసారి కూడా మౌస్ ముట్టుకోలేదు. నేను తప్పు బటన్ మీదికి పోతుంటే "ఇంకొంచెం కిందకి మేడమ్" అనేది. రెండుసార్లు ఫైలు మాయమైంది. నాకు విసుగొచ్చి "నువ్వే పెట్టేయరాదూ" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి ఊరుకుంది, చేతులు మాత్రం కదపలేదు. మూడోసారి ఫైలు ఎక్కింది. మర్నాడు ఆమె సెలవు. నేనే పెట్టుకున్నాను.

ఆ రోజు ఆమె నాకోసం పని చేసిపెట్టి ఉంటే పది నిమిషాల్లో అయిపోయేది. రిటైరయ్యేదాకా నేను ఆమెకు ఫోన్లు చేస్తూనే ఉండేదాన్ని.

మీది చిన్న ఉద్యోగమని, ఎవరో చెప్పిన పని చేసే ఉద్యోగమని మీ ఉత్తరంలో ధ్వనించింది. అది నాకు నచ్చలేదు. మీరు రోజూ తెరిచే ఆ మూడుల్‌ను తయారుచేసిన మార్టిన్ డూగియామస్ ఎవరనుకున్నారు? ఆస్ట్రేలియాలో పెర్త్ నగరంలోని కర్టిన్ యూనివర్సిటీలో, అప్పట్లో వాళ్లు కొని వాడుతున్న వెబ్‌సీటీ అనే వ్యవస్థను చూసుకునే ఉద్యోగి. సరిగ్గా మీ పనే. దాంతో విసిగి, చదువు చెప్పేవాళ్లకు అనువుగా ఉండేది ఒకటి కావాలని తనే రాయడం మొదలుపెట్టి, 2002లో మొదటి వెర్షన్‌ను ఉచితంగా విడుదల చేశాడు. అధ్యాపకుల పక్కన కూర్చునే మనిషికి కనిపించేది పై అధికారులకు కనిపించదు. మీ చేతిలో ఉన్న బలం అదే.

మన డెల్టాలో పుట్టినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువల నిండా నీళ్లు పారాయి. కానీ దాళ్వాలో, అంటే రెండో పంట వేళ, కాలువ చివర ఉన్న శివారు రైతు గోడు ఇవాళ్టికీ వింటూనే ఉన్నాం కదా. కాలువ మొదట్లో, హెడ్ దగ్గర గేజీలో నీరు నిండుగా చూపిస్తుంది, శివారు చేలో నారు ఎండుతుంది. మధ్యలో చేలకు నీళ్లు తెచ్చే బోదె పూడిపోయి ఉంటుంది. కాలువ చూసుకునే లస్కరు వచ్చి షట్టరు ఎత్తాలి, రైతులు కలిసి బోదె తవ్వుకోవాలి. మీ అధికారి అడిగిన లాగిన్ల లెక్క హెడ్ దగ్గరి గేజీ లాంటిది. సిగ్నల్ లేక మీకు ఫోన్ చేసిన లంక పిల్ల శివారు చేను. మీ ఉద్యోగం ఆ రెంటి మధ్యా ఉంది.

ఇక మీ చిక్కులోకి వస్తాను. గురుభక్తి, పాస్‌వర్డ్‌లు, దొంగ లాగిన్లు, మార్కుల తప్పు, ఇవన్నీ మీ మనసులో ఒకే ఉండలా చుట్టుకున్నాయి. విడదీస్తే అన్నీ ఒకే బరువు ఉండవు.

నాక్ కోసం నింపిన పేజీల సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది అదే. మాస్టారు అడిగి చేయించుకున్నది సాయం. ఇది సాయం కాదు, వాడకం లేనిచోట వాడకం ఉన్నట్టు చూపించడం. యూనివర్సిటీ నాక్‌కి ఇచ్చే అంకెలను బయటివాళ్లు సరిచూసే దశ ఒకటి ఉంటుంది, డీవీవీ అంటారు. మూడుల్ లాగ్‌లో ప్రతి క్లిక్కూ టైముతో, ఐపీ అడ్రస్‌తో సహా పడుతుంది. పదకొండు మంది అధ్యాపకులు ఒకే ల్యాప్‌టాప్ నుంచి అర్ధరాత్రి వరుసగా లాగిన్ అయినట్టు అక్కడ రాసే ఉంటుంది. పైగా ఐటీ చట్టం 66సి సెక్షన్ ఉంది. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను మోసపు ఉద్దేశంతో వాడితే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. మాస్టారు ఇష్టపడి ఇచ్చిన పాస్‌వర్డ్‌తో ఆయన నోట్సు ఎక్కించడం మోసం అని ఎవరూ అనరు. కానీ ఆ రెండు రాత్రుల పనిని ఎవరైనా ప్రశ్నిస్తే మీకు ఆర్డరు ఇచ్చిన కాగితం ఏదీ లేదు. ఆ అధికారి "కాస్త చూడు" అన్నారు, అంతే. జరిగిందేదో జరిగింది, దాన్ని తవ్వుకుని కుమిలిపోవద్దు. మళ్లీ అడిగితే మాత్రం ఒకటి చేయండి. "సార్, ఏ పేజీలు, ఎవరి పేరుతో చేయాలో ఒక మెయిల్ పెట్టండి, చేస్తాను" అనండి. నాకు తెలిసినంతలో అలాంటి మెయిల్ రాయడానికి చెయ్యి రాదు. ఆయన చిరాకు పడవచ్చు. ఆ చిరాకు జూన్‌లో మీకు అడ్డొచ్చే అవకాశం లేదని నేను చెప్పలేను. కానీ ఊరుకుంటే వచ్చే నష్టం అంతకన్నా పెద్దది, అదీ మీ ఒక్కరికే.

మార్కుల సంగతి ఈ వారమే తేల్చండి. జవాబు తప్పు పడితే ప్రశ్నలో సరిచేసి రీగ్రేడ్ నొక్కితే అందరి మార్కులూ మళ్లీ లెక్కపడతాయని నాకన్నా మీకే బాగా తెలుసు. ఇప్పటికే చేసి ఉంటే మంచిదే, కానీ పిల్లలకు చెప్పారా? ఫలానా రెండు ప్రశ్నల్లో పొరపాటు జరిగింది, సరిచేశాం అని కోర్సు పేజీలో రెండు వాక్యాలు ఉండాలి. అవి మాస్టారి పేరుతో, మాస్టారే రాస్తే మరీ మంచిది.

ఇప్పుడు పాస్‌వర్డ్‌లు. ఇలాగే కొనసాగవచ్చు. చాలామంది అలాగే చేస్తారు. దాని వల్ల ఏమవుతుందో మీరు చూశారు. పని మీది, పేరు వాళ్లది, తప్పు మళ్లీ మీది. 11 వచ్చే ఏడు 20 అవుతాయి.

లేదంటే అందరికీ ఒకేసారి "ఇకనుంచి మీ పాస్‌వర్డ్‌లు మార్చుకోండి, నేను వాడను" అని రాసి చేతులు దులుపుకోవచ్చు. కాగితం మీద ఇది శుభ్రమైన దారి. కానీ సెమిస్టర్ మధ్యలో చేస్తే పదకొండు కోర్సులు ఒక్కసారి ఆగిపోతాయి. నష్టపోయేది పిల్లలు. మాటలు పడేది మీరు. ఆ కోపంలో వాళ్లు మూడుల్‌నే తిట్టుకుని మళ్లీ జిరాక్స్ షాపుకి పోతారు.

మధ్యలో ఒక దారి ఉంది. మీరింకా దీన్ని వాడుకోలేదని ఉత్తరం చూస్తే అర్థమైంది. మూడుల్‌లో ఒకే కోర్సుకి ఎంతమందినైనా వేర్వేరు హోదాల్లో చేర్చవచ్చు. మాస్టారి కోర్సులో మిమ్మల్ని మీ పేరుతోనే, నోట్సు ఎక్కించే హక్కుతో చేర్చమని సెల్ కోఆర్డినేటర్‌కి హెచ్‌ఓడీగా ఆయనే ఒక మెయిల్ పెడితే చాలు. ఆ రోజునుంచి లాగ్‌లో మీరు చేసింది మీ పేరున, ఆయన చేసింది ఆయన పేరున పడుతుంది. అడ్మిన్ చేతిలో ఉన్న పని కాబట్టి మార్కుల పట్టిక మీద హక్కు తీసేసిన హోదా తయారు చేయించుకోండి. మార్కులు, జవాబుల కీ, అటెండెన్స్, ఈ మూడూ అధ్యాపకుల చెయ్యే పడాలి. దీంట్లోనూ ఒక లోటుంది. మీ పని గంటలు ఏమీ తగ్గవు. పేరుతో చేసే గుమాస్తా అవుతారంతే. అందుకని దీన్ని ఒక సెమిస్టర్‌కి మాత్రమే ఒప్పుకోండి.

ఆ సెమిస్టర్‌లో అసలు పని చేయాలి. పదకొండు మందినీ ఒకేసారి కాదు. మాస్టారితో మొదలుపెట్టండి.

ఆయన ఎందుకు ముట్టుకోరో మీరు ఎప్పుడైనా అడిగారా? ఉత్తరంలో "ఆయనకు ఇంట్రెస్ట్ లేదు" అన్నారు. నాకు నమ్మకం లేదు. మీరే ఇంకోచోట ఒక మాట రాశారు. ఆయన ముప్ఫై ఏళ్ల నోట్సు పాత డీటీపీ పద్ధతిలో, అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ ఫైళ్లలో ఉందని, ఒకసారి దాన్నుంచి నన్నయ మీద రాసుకున్న పాఠం కాపీ చేసి మూడుల్‌లో పెడితే తెర మీద పిచ్చి గుర్తులు వచ్చాయని, ఆయన అప్పుడు లేచి వెళ్లిపోయారని. అమ్మా, అదే కారణం! ముప్ఫై ఏళ్లు కూర్చి పెట్టుకున్న పాఠం ఒక్క క్షణంలో చదవరానిదైపోతే ఎవరి మనసు విరగదు? ఏ తెర మీదైనా తెలుగు సరిగ్గా కనిపించే యూనికోడ్ పద్ధతిలో కానిది ఏది పెట్టినా అంతేనని, దాన్ని యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లు ఉన్నాయని, మార్చాక వత్తులు, అరసున్నలు ఒకసారి చూసుకోవాలని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. సెల్‌లో ఉన్నవాళ్లలో అది చూసి పెట్టగలిగింది తెలుగు చదివిన మీరొక్కరే. మీరు ఆయనకు తీర్చగల ఋణం ఇది. ఆ ఫైళ్లు మార్చిపెట్టండి, మీ చేత్తోనే చేయండి. పాఠం మార్చేది మీరు, పేజీలో పెట్టేది ఆయన.

ఇంకొకటి. టైపింగ్ ఆయనకు కష్టమైతే వదిలేయండి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పంపుతారన్నారు కదా. పద్యం చదివి అర్థం చెబుతూ పది నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేయమనండి. ఆడియోని 64 కేబీపీఎస్‌లో ఉంచితే పది నిమిషాలది 5 ఎంబీ కూడా కాదు. అదే వీడియో అయితే లంక పిల్ల రోజుకి వచ్చే డేటాలో పెద్ద భాగం మింగేస్తుంది. మాస్టారి గొంతులో పద్యం వింటే మీకెలా ఉండేదో ఉత్తరంలో ఒక పేరా రాశారు. ఇప్పటి పిల్లలు దాన్ని ఊళ్లో గట్టు మీద కూర్చుని ఎన్నిసార్లయినా వినవచ్చు. ఈ మాట ఆయనకు చెప్పండి, ఆయన కరుగుతారు.

పిల్లల గురించి. రాత్రి 8 నుంచి 9 అని ఎవరు పెట్టారో గానీ, ఆ గంట మార్చవలసిందే. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు లంకల్లో పడవల మీద తిరిగారు. అదే ఏడాది మేలో కోనసీమలో కొన్నాళ్లు మొబైల్ నెట్ ఆపేస్తే ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్లు సిగ్నల్ కోసం గోదావరి గట్లకు వెళ్లారు. ఇక్కడ నెట్ ఉంటుందని నమ్మి పరీక్ష పెట్టకూడదు. ఇంటర్నల్ క్విజ్‌ని మూడు రోజులు తెరిచి ఉంచవచ్చు. మూడుల్ యాప్‌లో ముందే డౌన్‌లోడ్ చేసుకుని, నెట్ లేకుండా రాసి, తర్వాత సిగ్నల్ దొరికినచోట పంపే సెట్టింగ్ ఉంది. ముఖ్యమైన షరతు, ఆ క్విజ్‌కి టైమ్ లిమిట్ పెట్టకూడదు. "అప్పుడు కాపీ కొడతారు" అని అధ్యాపకులు అంటారు. కొందరు కొడతారు, నిజమే. అందుకు ప్రశ్నల బ్యాంకు పెద్దది చేసి ఒక్కొక్కరికి వేరే ప్రశ్నలు వచ్చేలా పెట్టవచ్చు. లేదా నెట్ క్విజ్‌ని మార్కులు లేని అభ్యాసంగా ఉంచి, మార్కుల పరీక్ష క్లాసులో కాగితం మీద పెట్టవచ్చు. నేనైతే రెండోదే చేసేదాన్ని. ఏది పెట్టాలన్నది మాత్రం అధ్యాపకుల నిర్ణయం, మీరు మోయవద్దు. మీరు చేయగలిగింది ఏమిటంటే, మీకు ఫోన్ చేసిన పిల్లల లెక్క రాసుకోవడం. ఏ ఊరు, ఏ రోజు, ఏమైంది. పేర్లు అక్కర్లేదు. రెండు నెలల లెక్క కోఆర్డినేటర్ ముందు పెడితే, లాగిన్ల పట్టిక కంటే అది ఎక్కువ మాట్లాడుతుంది. జూన్‌లో మీ పని చూపించుకోవడానికీ అదే పనికొస్తుంది. వారానికి ఎంతమంది అధ్యాపకులు మీ పక్కన కూర్చుని సొంతంగా ఏం నేర్చుకున్నారో కూడా అందులోనే రాయండి.

ఇంట్లో సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. రాత్రి ఎనిమిది తర్వాత ఫోన్ తీయనవసరం లేదు. అత్తగారికి మీ పని ఏమిటో ఎవరూ చెప్పి ఉండరు. అర్ధరాత్రి పరాయి మగవాళ్ల ఫోన్లు మాత్రమే ఆవిడకు కనిపిస్తున్నాయి. ఆవిడ మొహం తిప్పుకోవడం నాకు తప్పనిపించలేదు.

గురుద్రోహం అన్నారు. స్టాఫ్‌రూమ్‌లో ఆయన అన్న మాట మిమ్మల్ని కోసింది, కానీ మీరు ఎక్కడా ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఆయనకు చెప్పండి. అందరి ముందు కాదు, ఒంటరిగా. "మాస్టారూ, ఆ రోజు నాకు చాలా కష్టమనిపించింది" అని ఒక్క వాక్యం. ఫీజు కట్టిన మనిషి ఆ మాట వినగలడు. వినలేకపోతే, ఆ సంగతీ మీకు ఇప్పుడే తెలియడం మంచిది. అప్పుడు ఉద్యోగం మారడం గురించి ఆలోచించవచ్చు. మీకున్న అనుభవంతో వేరే కాలేజీలు కూడా ఉన్నాయి, మీరు ఇక్కడే పాతుకుపోయి లేరు.

ఇవన్నీ ఒక్కరోజులో చేయలేరు. ఏది ముందో మీరే నిర్ణయించుకోండి. నేనైతే సోమవారం మధ్యాహ్నం, మూడు దాటాక, ఆయన టీ తాగేసే వేళకి వెళతాను. నన్నయ పాఠం యూనికోడ్‌లోకి మార్చి, పెద్ద అక్షరాల్లో ఒక ప్రింటు తీసి ఆయన చేతికిస్తాను. ఆయన చదువుకుని తప్పులు దిద్దేదాకా ఆగుతాను. తర్వాత కంప్యూటర్ ముందు ఆయన కుర్చీ, పక్కన నా కుర్చీ. డైరీలోంచి ఆ పాత చీటీ తీసి ఆయన ముందు పెట్టి, కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమని, అది నాకు కూడా చెప్పొద్దని అంటాను. ఆయన టైప్ చేస్తున్నంతసేపూ కీబోర్డు వైపు చూడకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను.